నిలబడే కాలు

నా కుడి మోకాలు అసలు వంగదు. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోలేను. ఎవరో ఒకరు మంచం వాల్చి ఇస్తే దాని మీద కూర్చుని తింటాను. కొత్తవాళ్లు ఎద్దు తొక్కిందా అనో, మిద్దె మీంచి పడ్డావా అనో అడుగుతారు. తల ఊపి ఊరుకుంటాను. నిజం చెప్పాలంటే నారికురుపు దగ్గర మొదలుపెట్టి టెన్నిస్ ఆట దాకా చెప్పాలి. అంత చెప్పే ఓపిక ఉండదు.

పోయిన ఎండాకాలం మా వాడలో ఒక చిన్న కోడలికి కాలికి నారు, అదే నారికురుపు, లేచింది. చూసి వద్దామని వెళ్తే ఆ పిల్ల నా చేయి పట్టుకుని, "అత్తా, నేను మల్ల నడుస్తనా?" అని అడిగింది. అట్లాంటి మాటే, మళ్లీ ఆడతానా అని, నేను అప్పట్లో కనబడినవాళ్లందరినీ అడిగాను. డాక్టరును అడిగాను, రైల్లో ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగాను, దవాఖానలో ఊడ్చే ఆమెను అడిగాను. ఎవరూ సూటిగా చెప్పలేదు. ఆ పిల్లకు నేను కూడా ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను. నలభై దాటాక పెద్దల బడిలో అక్షరాలు దిద్దుకున్నాను కనుక, నోటితో చెప్పలేనిది ఇట్లా రాసి పెడుతున్నాను. తనకు చదవడం రాకపోతే ఎవరితోనైనా చదివించుకుంటుంది.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. పాలమూరులో ఆఫీసర్ల క్లబ్బు ఒకటి ఉండేది, అందులో ఒక టెన్నిస్ కోర్టు. సిమెంటుది కాదు. ఎర్రమట్టి పోసి, రోలరు తోలి, పైన పేడతో అలికి, సున్నంతో గీతలు గీసిన నేల. ఆడడానికి జోడీ దొరకని సభ్యులకు ఎదురుగా నిలబడి ఆడేందుకు క్లబ్బు జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుంటుంది. ఆ మనిషిని మార్కరు అంటారు. మా బాపు నల్లగొండ క్లబ్బులో మార్కరు. మేము కేతేపల్లి వైపు కురుమవాళ్లం. కరువులో గొర్లమంద పోయాక బాపు నల్లగొండ వచ్చి, కోర్టుకు నీళ్లు చల్లే పనిలో చేరి, చూస్తూ చూస్తూ ఆట నేర్చుకున్నాడు. నేను ఆయన వెంట పోయి, తెగిన తీగలు ముడివేసిన ఒక పాత బ్యాటుతో క్లబ్బు వెనక గోడకు బంతి కొడుతూ పెరిగాను.

నన్ను పాలమూరుకు ఇచ్చారు. నా పెనిమిటి సాయిలు అక్కడి క్లబ్బులో రోలరు తోలేవాడు. కోర్టు అలికే పని నాకు వచ్చింది. ఒకరోజు అలుకు ఆరేదాకా కాపలా కూర్చుని, ఊరికే ఉండలేక గోడకు బంతి కొడుతుంటే ఒక బేగం సాబ చూసింది. జిల్లా కచేరీలో పెద్ద కొలువు చేసే సాహెబు భార్య. పుట్టింట్లో పెరడు గోడల మధ్య ఆట నేర్చుకున్న మనిషి. పెళ్లయ్యాక పరదా వల్ల మగ మార్కరుతో ఆడే వీలు లేక బ్యాటు పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే కోర్టు చుట్టూ కనాతులు, అంటే గుడారం గుడ్డలు, కట్టించి పగటిపూట ఒక గంట ఆడవాళ్లకు విడిగా ఇప్పించింది. నన్ను మార్కరుగా పెట్టించింది. చీర గోచి పోసుకుని, వట్టి కాళ్లతో, జీతానికి టెన్నిస్ ఆడే మనిషినయ్యాను. అట్లా చాలా ఏళ్లు గడిచాయి.

ఆ పనిలో ఒక మర్మం ఉంది. బాపు నాకు ముందే చెప్పాడు. "మార్కరు గెలువొద్దు బిడ్డా. దొరసాని బ్యాటు యాడుంటదో బంతి గాడికి పోవాలె. ఆమె ఉరకొద్దు, నువ్వు ఉరకాలె. ఇంటికి వొయ్యేటప్పుడు ఇయ్యాల మంచిగ ఆడిన్నని ఆమె అనుకోవాలె." నేను అట్లాగే ఆడాను. వాళ్లు ఎటు కొట్టినా పరుగెత్తి అందుకుని, మళ్లీ వాళ్ల చేతికి అందేట్టు పంపేదాన్ని. ఒకసారి పట్నంలో ఆడవాళ్ల పోటీలు జరుగుతుంటే బేగం సాబ నన్ను పంపాలని చూసింది. జీతం తీసుకుని ఆడేవాళ్లకు పోటీలో చోటు లేదని జవాబు వచ్చింది. ఆమె వారం రోజులు కోపంగా తిరిగింది. నాకు కోపం రాలేదు. గెలవడానికి ఎట్లా ఆడతారో నేను ఎప్పుడూ ఆడి చూడలేదు.

మా అత్త ఈదమ్మకు మాత్రం ఇది పని అంటే ఒప్పుకునేది కాదు. ఆమె ఉన్ని వడికే మనిషి. గోడకు ఆనుకుని కదురు తిప్పుకుంటూ నన్ను చూసి అనేది: "అటు కొడ్తె ఇటొస్తది, ఇటు కొడ్తె అటువోతది. గా బంతి ఎన్నటికన్న యాడికన్న చేరుతదా? దీనికి మల్ల జీతం." వాడలో అందరూ నవ్వేవాళ్లు. నేను కూడా నవ్వేదాన్ని. నవ్వకపోతే ఆ ఇంట్లో ఉండలేం.

ఎండ ముదిరే రోజులు

తెలంగాణ, ఆంధ్ర కలిసిపోయిన రెండో ఏడో మూడో ఏడో. ఫాల్గుణం వెళ్లి ఎండ ముదురుతుంటే కుడికాలి మడమ పైన దురద మొదలైంది. చెమటకాయ అనుకున్నాను. రెండు రోజులకు పొక్కు లేచింది. ఆ మంట చెప్పలేను. నిప్పుల మీద కాలు పెట్టి తీయలేకపోతున్నట్టు ఉండేది. మా వాడలో అందరూ చేసేదే నేనూ చేశాను. దిగుడుబావి మెట్ల మీద కూర్చుని కాలు నీళ్లలో పెట్టాను. ప్రాణం లేచి వచ్చింది. పొక్కు పగిలి, సన్నటి తెల్లదారం కొస ఒకటి బయటికి కనబడింది.

"నారు," అంది ఈదమ్మ చూసి. ఆమెకు కొత్త కాదు. ఆమె మొగుడికి మూడుసార్లు తీసిందట. చీపురుపుల్ల ఒకటి విరిచి, దానికి దూది చుట్టి, దారం కొసను దానికి తగిలించింది. రోజూ పొద్దున్నే నీళ్లు పోసి, ఎంత వస్తే అంత మెల్లగా పుల్లకు చుట్టేది. బియ్యపుగింజంత వచ్చినా ఊరుకునేది. నేను తట్టుకోలేక ఇంకొంచెం లాగమంటే చేతి మీద కొట్టేది. "ఉన్ని దారం తెగేముందు ఏలుకు చెప్తది. ఇది గూడ చెప్తది. జర ఆగు," అనేది. చుట్టడం అయ్యాక పుల్లను కాలికి ఆనించి మెత్తటి గుడ్డతో కట్టేది. మాట గరుకుగా ఉన్నా వేళ్లు మెత్తగా ఉండేవి. మిగిలిన రోజంతా ఆమె నన్ను తిట్టినా ఆ ఒక్క ఘడియ కోసం పడేదాన్ని.

నేను పనికి పోలేదు. క్లబ్బులో ఒక మాట పుట్టింది. మార్కరు లేకపోతే ఆడవాళ్ల గంట ఎందుకు, కనాతులు తీసేసి ఆ వేళ కూడా మగవాళ్లకే ఇద్దామని. సాయిలు ఆ మాట ఇంటికి తెచ్చాడు. దాంతో నా భయం రెండింతలైంది. కాలు ఒక భయం, కాలు బాగయ్యేలోపు పని ఉంటుందా అనేది ఇంకో భయం.

ఒక సాయంత్రం తెర కట్టిన టాంగా మా వాకిట్లో ఆగింది. బేగం సాబ బురఖాలో దిగి, మా కుక్కిమంచం మీద కూర్చుంది. మా ఇంట్లోకి అట్లాంటి మనిషి రావడం అదే మొదలు. ఈదమ్మ కదురు పక్కన పెట్టి లేచి నిలబడింది. బేగం సాబ నా కాలికి కట్టిన పుల్లను చాలాసేపు చూసింది. "ఉరకకు మల్లమ్మా," అంది. "నేను గోడకు కొట్టుకుంటా. గోడ బీ మంచిగనే ఆడుతది, ఒక్కసారి బీ నన్ను గెలువనియ్యది గని." అందరం నవ్వాం. వెళ్లేటప్పుడు నా చెవి దగ్గరికి వంగి, ఈ గంట పోతే తనకు ఇల్లు దాటే దారి ఇంకొకటి లేదని మెల్లగా చెప్పింది. నా జీతం కంటే పెద్దది ఏదో నా కాలి మీద ఆధారపడి ఉందని అప్పుడు తెలిసింది.

రోహిణి కార్తె

ఆ ఎండలకు కోర్టు బీటలు వారింది. కూలికి పిలిచిన ఆమె అలికితే గుల్లలు గుల్లలుగా లేచింది. బంతి పడితే ఎటు పోతుందో తెలియదని, ఇట్లా అయితే ఆడవాళ్లకు విడిగా ఒక గంట ఎందుకని క్లబ్బులో పెద్దలు అన్నారట. నారు అప్పటికి సగానికి పైగా బయటికి వచ్చింది. నొప్పి తగ్గింది. ఈదమ్మ ఊరెళ్లిన పూట చూసుకుని నేను కోర్టుకు పోయాను. ఆడడానికి కాదు. అలకడానికి.

నన్ను అందరూ పరుగెత్తొద్దన్నారు, ఆడొద్దన్నారు. అలకడం గురించి ఎవరూ ఏమీ అనలేదు. నాకు కూడా అది చేసే పనిగా తోచలేదు. కూర్చుని చేసేదే కదా, కాలికి ఏమవుతుందనుకున్నాను. ఆడదానికి వంగి అలకడం ఊపిరి తీసుకోవడంలాంటిది. అది కష్టమని చెప్పేవాళ్లు ఉండరు, వినేవాళ్లు ఉండరు.

గొంతుక్కూర్చుని, పేడనీళ్లు అరచేత్తో పరుచుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతున్నాను. సగం కోర్టు అయింది. నా చేతికింద నేల నున్నగా వస్తుంటే చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడింది. ఇంకో అడుగు వెనక్కి జరిగినప్పుడు చీర అంచు మడమ కింద పడింది. దాంతోపాటు గుడ్డ జారి పుల్ల కూడా. లేవబోయాను. ఒక వెంట్రుక తెగినట్టు అనిపించింది, అంతే. నొప్పి కూడా లేదు. చూస్తే పుల్ల నేల మీద పడి ఉంది, దానికి చుట్టిన దారం దానికే ఉంది. కాలికి ఏమీ లేదు. మిగిలినది లోపలికి పోయింది.

మరునాటికి కాలు రోకలిలా అయింది. జ్వరం పట్టుకుంది. ఊరి నుంచి వచ్చిన ఈదమ్మ తెగిన దారం చుట్టి ఉన్న పుల్లను చేతిలోకి తీసుకుంది.

"ఉరికినవా?" అంది.

"లే అత్తా. అలికిన."

ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. పుల్లను వాకిట్లోకి విసిరేసి, "ఆడొద్దన్న గని అలకొద్దనలే," అని తనలో తాను అనుకుంది. ఆ తర్వాత ఆ రోజంతా కదురు పట్టలేదు.

ఆరుద్ర, పట్నం దవాఖాన

మా పాలమూరు దవాఖాన వరండాలో ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. సిమెంటు గచ్చు చల్లదనం గుర్తుంది. పక్కన ఒకామె తన పిల్లకు విసరడానికి తెచ్చుకున్న విసనకర్రతో మధ్యమధ్య నా ముఖానికి కూడా విసిరేది. పేరు కూడా అడగలేదు. చీము పిక్క నుంచి మోకాలి దాకా ఎక్కిందని, పట్నం తీసుకెళ్లమని చెప్పారు. చిన్నబండి రైల్లో నన్ను బల్ల మీద పడుకోబెట్టి, సాయిలు, ఈదమ్మ కింద కూర్చున్నారు. రైలు కుదుపు ప్రతిదీ మోకాలిలో తెలిసేది.

పట్నం దవాఖానలో మొదటి రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. సూదిమందు ఇచ్చేవాళ్లు. కోసి చీము తీశారు. మందు పనిచేయకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని సాయిలుకు చెప్పారని తర్వాత తెలిసింది. ఆయన నాకు చెప్పలేదు, కానీ ఆ రోజుల్లో నా కాళ్ల వైపు చూసేవాడు కాదు, ముఖం వైపే చూసేవాడు. దాన్ని బట్టి నాకు అర్థమైంది.

పక్క మంచంలో నకిరేకల్ నుంచి వచ్చిన లచ్చమ్మ ఉండేది. పొయ్యి అంటుకుని చేయి కాలింది. నొప్పి ఉన్నంతసేపు మూలిగేది, తగ్గితే కబుర్లు. ఒకరోజు నువ్వు ఏం పని చేస్తావని అడిగింది. బంతి ఆడతానని చెప్పాను. నా వైపు జాలిగా చూసి, "జరం ఇంక దిగలే పాపం," అని ఈదమ్మతో అంది. ఈదమ్మ ముఖం గంభీరంగా పెట్టి, "జరం కాదు. అది ఆరోగ్యంగ ఉన్నప్పుడు గూడ గట్లనే అంటది," అంది. వార్డులో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నవ్వితే కోత దగ్గర లాగింది, అయినా నవ్వాను. అప్పటికి కాలు ఉంటుందని చెప్పారు.

కాలు ఉంటుంది, కానీ ఎట్లా ఉంటుందనేది మిగిలింది. జ్వరం పూర్తిగా దిగాక పెద్ద డాక్టరు మంచం పక్కన నిలబడి మోకాలు నొక్కి చూశాడు. అప్పటికి ఆ కాలు దిండు మీద వంగి ఉండేది. అట్లా ఉంటేనే హాయి.

"చూడమ్మా, ఈ మోకాలు మునుపటిలా ఆడదు. బిగుసుకుంటుంది," అన్నాడాయన. "చక్కగా లాగి కర్రలు కట్టి ఉంచితే చక్కగా బిగుస్తుంది. నిలబడతావు, నడుస్తావు, కింద మాత్రం కూర్చోలేవు. ఇట్లాగే వంగి ఉండనిస్తే కూర్చుని ఇంటిపనులు చేసుకుంటావు, నిలబడడానికి కర్ర కావాలి. పల్లెల నుంచి వచ్చినవాళ్లు చాలామంది కూర్చునేలాగే ఉండనివ్వమంటారు. నీకు ఏది కావాలి?"

నాకు ఏది కావాలని అంతకుముందు ఎవరైనా అడిగారేమో గుర్తులేదు. నేను నోరు తెరిచేలోపే ఈదమ్మ అందుకుంది.

"కూసోవాలె సారూ. కూసోరాని ఆడిది పొయ్యికాడ ఎట్లుంటది? దొడ్డికి ఎట్ల పోతది? సచ్చినోళ్లకాడ నిలవడి ఏడుస్తదా?"

ఆమె అన్నది తప్పని ఇప్పటికీ అనను. ఆమె చూసిన బతుకంతా కింద కూర్చుని చేసేదే. వండడం, తినడం, పాలు పితకడం, వడకడం, పురుడు పోయడం. నిలబడి చేసే పని మగవాళ్లది, నాది.

డాక్టరు సాయిలు వైపు చూశాడు. ఆయన తల్లి ముందు ఎప్పుడూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. రోలరు తోలీ తోలీ ఆయనకు మెల్లగా కదలడం అలవాటు. ఆ పూట మాత్రం, "కాలు దానిది. దాన్నే చెప్పనియ్యి," అన్నాడు.

"నిలవడాలె," అన్నాను.

ఈదమ్మ ముఖం తిప్పుకుంది. కాలు లాగి కర్రలు కట్టిన రోజు నేను ఎంత అరిచానో లచ్చమ్మ తర్వాత చెప్పింది. నాకు గుర్తున్నది ఒకటే. ఎవరో నా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నారు. ఆ వేళ్లకు ఉన్ని వాసన.

అక్కడే ఒక చిన్న డాక్టరు ఆ పురుగు ఎట్లా వస్తుందో చెప్పాడు. అది గాలీ కాదు, దిష్టీ కాదు. నారు లేచినవాళ్లు కాలు పెట్టిన నీళ్లు తాగితే మరుసటేడు తాగినవాళ్లకు వస్తుంది. దిగుడుబావిలో కాళ్లు పెట్టొద్దు, నీళ్లు రెండు మడతల గుడ్డలో వడకట్టి తాగండి అన్నాడు. మంట తట్టుకోలేక ఏ నీళ్లలో హాయి వెతుక్కుంటామో ఆ నీళ్లే ఇంటికి మోసుకెళ్తాం. బిడ్డా, నీకు ఇంత రాసింది ఈ ఒక్క మాట కోసమైనా అనుకో. కడవ మూతికి గుడ్డ కట్టు. మంట పుడితే చెంబుతో పోసుకో, బావిలో దిగకు.

బతుకమ్మ దాకా

ఇంటికి వచ్చాక ఆ నెలలు దవాఖాన కంటే కష్టంగా గడిచాయి. దవాఖానలో అందరూ రోగులే. ఇంట్లో నేనొక్కదాన్నే. కట్టు విప్పాక కాలు కర్రలాగే ఉంది. నిలబడగలను, గోడ పట్టుకుని నడవగలను. కింద కూర్చోలేను. పొయ్యి దగ్గర నాకు జాగా లేదు. దొడ్డికి పోవాలంటే రెండు రాళ్లు ఎత్తుగా పేర్చి, ఒకరి భుజం పట్టుకోవాలి. ఆ భుజం ఈదమ్మదే. ఆమె నాతో మాట్లాడేది కాదు. పిలిస్తే వచ్చేది, పట్టుకునేది, పోయేది. వండి నా మంచం మీద పెట్టేది. నేను ఎన్నుకున్నదానికి ఆమె నడుము వంచాల్సి వచ్చింది. ఆ సంగతి ఆమె అనలేదు, నేను అనలేదు. ఇంట్లో గాలంతా అదే ఉండేది.

బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లు వాకిట్లో వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను గడపలో నిలబడి చూశాను. ఆ పూట నాకు చాలా అలసటగా అనిపించింది. బాధ కాదు, ఏడుపు కాదు, వట్టి అలసట. పడుకుని గోడ వైపు తిరిగాను. మరునాడు కూడా లేవలేదు. ఆ మరునాడు కూడా.

ఆ తర్వాత ఒక పొద్దున మట్టి తొక్కుతున్న చప్పుడు వినిపించింది. చూస్తే ఈదమ్మ ఎర్రమట్టిలో ఊక కలిపి కాళ్లతో తొక్కుతోంది. రాళ్లు పేర్చి, మట్టి మెత్తి, వంటింట్లో నడుము ఎత్తు గద్దె కట్టింది. గద్దె మీద పొయ్యి వేసింది. ఆరాక అలికి, సున్నంతో గీతలు పెట్టింది. మా వాడలో అట్లాంటి పొయ్యి ఎవరికీ లేదు. చూడడానికి వచ్చిన ఆడవాళ్లు, దొరల ఇంట్లో లాగా నిలబడి వండుతారా అని నవ్వారు. వాళ్లను పొమ్మని, నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"నిలవడత అంటివి గద. నిలవడి అన్నం వండు. నాకు ఆకలైతాంది," అంది.

లేచాను. ఆ పూట అన్నం మాడింది. ఇద్దరం తిన్నాం.

చలికాలం

బేగం సాబ ఆ నెలలన్నీ కనాతులు తీయనివ్వలేదు. ఎవరూ ఆడకపోయినా ఆ వేళకు వచ్చి లోపల కుర్చీ వేసుకుని కూర్చునేదట. మార్కరు వస్తోందని చెప్పేదట. మార్గశిరం చలిలో నేను వస్తానని కబురు పంపాను. పొద్దున్నే సాయిలు రోలరు తోలాడు. అలకడానికి మనిషి కావాలి. నేను వంగలేను. పేడ తట్ట నెత్తిన పెట్టుకుని ఈదమ్మ నాకంటే ముందు నడిచింది.

ఆమె ఆ కోర్టులో అడుగు పెట్టడం అదే మొదలు. ఆ మూల నుంచి ఈ మూలకు చూసి, "గింత జాగా ఒక్కదానివే అలికేదానివా?" అని అడిగింది. ఔనన్నాను. తట్ట దించి, కూర్చుని అలకడం మొదలుపెట్టింది. ఎండ పొడ బాగా తగిలి నేల ఆరేదాకా ఇద్దరం గోడ నీడన ఉన్నాం. తర్వాత కనాతులు కట్టారు. ఆడమనిషి కనుక ఆమె లోపలే ఉండిపోయింది, చేతులకు అంటి ఎండిన పేడతోనే.

బేగం సాబ వచ్చి నన్ను చూసింది. వలకు అవతల నిలబడి మొదటి బంతి కొట్టింది. సరిగ్గా నా బ్యాటు ముందుకు వచ్చింది. తిప్పి కొట్టాను. రెండోది కూడా నా ముందుకే. మూడోది కూడా. నేను ఒక అడుగు పక్కకు వేయాల్సిన పని లేదు. నా బంతి ఎటు పోయినా ఆమె పరుగెత్తి అందుకుని, మళ్లీ నా చేతికి అందేట్టు పంపుతోంది. ఆయాసపడుతోంది, జుట్టు ముడి ఊడిపోయింది, అయినా బంతి తప్పకుండా నా దగ్గరికే వస్తోంది.

నేను ఏళ్లకేళ్లు ఆమెకు చేసిన పని ఆమె నాకు చేస్తోంది. అది అర్థమవగానే కళ్లు మసకబారాయి. ఎవరి దయకూ నేను ఎప్పుడూ ఇంత కృతజ్ఞత పడలేదు. దానితోపాటే ఇంకొకటి కూడా లోపల లేచింది. ఇట్లాగే జరిగితే రేపటి నుంచి నేను మార్కరును కాను, ఎవరో మంచిమనసుతో ఆడిస్తే ఆడే రోగిని.

తర్వాతి బంతి వచ్చింది. ఎడమకాలి మీద బరువంతా వేసి, బిగిసిన కాలును వెనక గుంజలా నాటి, అవతలి మూలకు కొట్టాను. ఆమెకు అందకుండా. జీవితంలో మొదటిసారి. బంతి గీత లోపల పడి, కనాతు గుడ్డకు తగిలి జారింది. బేగం సాబ పరుగెత్తి, అందక, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి తీసుకుని తల ఎత్తి చూసింది.

"ఇన్నేండ్లు దాచిపెట్టినవా ఇది?" అంది. తర్వాత నవ్వింది. ఆ తర్వాతి బంతి నా చేతికి రాలేదు. పక్కకు వచ్చింది. ఈడ్చుకుంటూ పోయి అందుకోబోయాను, అందలేదు. దాని తర్వాతది అందింది.

గంట పూర్తిగా ఆడలేదు. కాలు వాచింది. ఇంటికి పోతుంటే ఎండ వాలుతోంది. ఒక చేత ఖాళీ తట్ట, ఒక పక్క నా బరువు మోస్తూ ఈదమ్మ మెల్లగా నడుస్తోంది.

"గా బంతి మల్ల రాలేదేంది?" అని అడిగింది.

"రాకుండ కొట్టిన అత్తా."

"అంటె గిన్నేండ్లు వచ్చేటట్టే కొట్టినవా?"

"ఔ. గదే నా పని."

ఆమె మా వాడ మలుపు దగ్గర ఆగి, తట్ట అటు చంకలోకి మార్చుకుని, నా చేయి తన భుజం మీద సరిగ్గా వేసుకుంది.

"ఐతె రేపు వచ్చేటట్టు కొట్టు," అంది. "జీతం గందుకే ఇస్తున్నరు."

మళ్లీ ఆడతానా అని నేను ఎంతమందిని అడిగానో. జవాబు చెప్పింది ఆమె ఒక్కతే, అదీ ఆమెను నేను అడగకుండానే.